చిత్ అయిన తర్వాత

మొదటిసారి కేజ్‌లో దిగిన రోజు నేను గెలిచాననే అనుకున్నాను.

నాంపల్లిలో ఒక ఫంక్షన్ హాలది. ముందురోజు ఎవరిదో పెళ్ళి జరిగినట్టుంది, కుర్చీలకు ఎర్రటి తొడుగులు అలాగే ఉన్నాయి, వెనక వంటశాల నుంచి బగారా అన్నం వాసన ఇంకా వస్తోంది. హాలు మధ్యలో ఎనిమిది పలకల వేదిక కట్టి చుట్టూ ఇనుప జాలీ బిగించారు. అవతలివాడు నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న, జానెడు పొడుగు. మొదటి నిమిషంలోనే నా ఎడమ తొడ మీద ఒకే చోట మూడు తన్నులు తన్నాడు. మూడో తన్నుకి ఆ కాలు మొద్దుబారిపోయింది. నాకు తిక్క లేచింది. నాలుగోసారి వాడి కాలు ఇంకా గాల్లో ఉండగానే లోపలికి దూరి, చెయ్యి దొరకబుచ్చుకుని, వెనక్కి తిరిగి, భుజం మీంచి ఎత్తి కొట్టాను. చాకిరేవులో బండ మీద దుప్పటి ఉతికినట్టు ఉంటుంది ఆ పట్టు. కుస్తీలో మేం దాన్ని ధోబీ అనేవాళ్ళం. వాడు వెల్లకిలా పడ్డాడు. రెండు భుజాలూ నేలకి ఆనాయి. అంత శుభ్రంగా ఒక మనిషిని పడెయ్యడం నా జీవితంలో మూడు నాలుగు సార్లకు మించి జరగలేదు.

పడేసి, వదిలేసి, లేచి నిలబడ్డాను. అదీ చాలదన్నట్టు వాణ్ణి లేపడానికి చెయ్యి చాచి వంగాను.

వాడు పడుకున్న చోటి నుంచే మడమతో నా దవడ కింద తన్నాడు. నోట్లో రాయి పడినట్టయింది. రాయి కాదు, నా పన్నే. మోకాళ్ళ మీద కూలిపోయాను. వాడు లేచి నా చెవి వెనక, కణత మీద, మళ్ళీ చెవి వెనక గుద్దాడు. రిఫరీ మధ్యలోకి వచ్చేసరికి నేను జాలీకి ముఖం ఆనించి రక్తం మింగుతున్నాను.

జాలీ అవతల నా కుస్తీ జోడీ ఉన్నాడు. వాడూ గెలిచామనే అనుకున్నాడు. అవతలివాడి వీపు నేలకి తగలగానే ఈలేసి, ముక్కూ మొహం తెలియని పక్కవాణ్ణి కౌగిలించుకున్నాడట. తర్వాత జరిగింది చూసి వాడికి పిచ్చెక్కింది. తిన్నగా రిఫరీ దగ్గరికి పోయి నిలదీశాడు.

"సార్, ఆడు చిత్ అయిండు. మీరు చూడలేదా? చిత్ అయినోడు లేసి తంతడా? గిదేం ఆట సార్?"

"పక్కకి జరుగు తమ్ముడూ" అన్నాడు రిఫరీ. జోడీ జరగలేదు. ఇద్దరు పట్టుకుని వాణ్ణి బయటికి ఈడ్చుకుపోయారు. నేను రక్తం ఉమ్ముతూ నవ్వాను. నా పన్ను ఊడినందుకు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కోపం వచ్చింది వాడికే.

ముందే చెప్పేస్తాను. ఇది నా పన్ను కథ కాదు, వాడి ఎడమ కన్ను కథ. ఆ కన్ను పోయింది. పోగొట్టింది నేను.

మా తాలీం నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఉంది. తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు. రేకుల షెడ్డు, గోడకి ఆంజనేయస్వామి పటం, మధ్యలో గుంట, గుంట నిండా ఎర్రమట్టి. ఆ మట్టిలో మజ్జిగ పోస్తారు, పసుపూ ఆవనూనే కలుపుతారు, రోజూ పొద్దున్నే పారతో తిరగేస్తారు. మా తాతగారు రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో బందరు నుంచి గుమస్తాగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా ఇంట్లో తిట్టుకున్నా చివర "అండీ" ఉండాల్సిందే. అలాంటి ఇంట్లో నాకీ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. పదమూడేళ్ళప్పుడు కోఠి బస్టాపులో, సీటు కోసం నన్ను తోసినవాడి నెత్తి మీద ఇటుక పెట్టి కొట్టాను. ఆరు కుట్లు పడ్డాయి. మా నాన్న ఆఫీసులో ఒకాయన సలహా ఇచ్చాడు: "వీణ్ణి తాలీంలో పడెయ్యండి, ఒళ్ళు అలిసిపోతే కోపం కూడా అలిసిపోతుంది." నన్ను లంగోటలో చూసి మా అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

అక్కడ ఉస్తాద్ నన్ను పైనుంచి కిందికి చూసి, నా బరువే ఉన్న ఇంకొకణ్ణి పిలిచి, "ఇగో, ఈడు నీ జోడీ" అన్నారు. జోడీ అంటే రోజూ ఎవడితో పట్టు పట్టాలో వాడు. వాడు గౌలిగూడలో, బస్టాండు పక్కన పుట్టినవాడు. ఆ రోజు నుంచి పద్దెనిమిదేళ్ళు, జ్వరాలూ పండగలూ తీసేస్తే, రోజూ పొద్దున వాడి మెడ నా చంకలో, నా మెడ వాడి చంకలో. వాడి చెమట వాసన నాకు మా అన్నదమ్ముల వాసన కంటే బాగా తెలుసు.

తాలీం అంటే ఏదో గుడి అన్నట్టు రాసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకసారి వచ్చి ఆ మట్టిలో ముఖం పెట్టి చూడండి, తెలుస్తుంది. నా రెండు చెవులూ నలిగి నలిగి గడ్డలు కట్టాయి, ఇప్పటికీ ఫోను ఆనిస్తే నొప్పి. పదహారేళ్ళప్పుడు జోడీ మెడపక్క ఎముక నేనే విరిచాను. ఉస్తాద్ మధ్యాహ్నాలు విరిగిన చేతులూ కాళ్ళూ కట్టేవారు, అదే ఆయన బతుకుతెరువు. వాణ్ణి అక్కడే మట్టిలో కూర్చోబెట్టి, నోట్లో తువ్వాలు కుక్కి, ఎముక సరిచేశారు. వాడి అరుపు తువ్వాల్లోంచి కూడా వీధిలోకి వినిపించింది. కిరాయికున్నవాళ్ళను ఖాళీ చేయించడానికి మా తాలీం పహిల్వాన్లు పోయిన రోజులున్నాయి. ఉస్తాదే కుర్రతనంలో ఒక షాపువాడి వేళ్ళు విరిచారు. దాచుకోలేదు, ఆయనే చెప్పారు. "ఇరిసింది గీ చేతితోనే, కట్టుతున్నది గీ చేతితోనే" అని తన చెయ్యి తనే చూసుకునేవారు.

కానీ మట్టి మీద మాత్రం ఒక పద్ధతి ఉండేది. వీపు మట్టికి తగిలితే చిత్. చిత్ అంటే అయిపోయింది. పైనున్నవాడు ఆ క్షణమే చెయ్యి తియ్యాలి. తీసి, కిందివాణ్ణి లేపి, వాడి వీపుకంటిన మట్టి తన చేత్తో దులపాలి. గెలిచినవాడే దులపాలి. చెవి నలిపినా, మెడ విరిచినా, బూతులు తిట్టుకున్నా, అది మాత్రం తప్పదు. పద్దెనిమిదేళ్ళలో నేను వాడి వీపు ఎన్ని వేల సార్లు దులిపానో, వాడు నాది ఎన్ని వేల సార్లు దులిపాడో లెక్కలేదు. అందుకే కేజ్‌లో నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.

కేజ్‌లోకి ఎందుకు పోయానంటే, కోపం. అబిడ్స్‌లో చెప్పుల షాపులో సేల్స్‌మన్‌గా ఉండేవాణ్ణి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం పాదాల దగ్గర కూర్చోవడం, పదిహేను జతలు తొడిగించుకుని "మళ్ళీ వస్తాం" అని లేచిపోయేవాళ్ళకు నవ్వు ముఖంతో తలుపు తియ్యడం. తాలీంలో పొద్దున అలిసిన కోపం మధ్యాహ్నానికి మళ్ళీ లేచేది. అప్పుడే మా షాపున్న బిల్డింగులో మూడో అంతస్తులో జిమ్ పెట్టారు. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్. గుద్దొచ్చు, తన్నొచ్చు, పడెయ్యొచ్చు, గొంతు బిగించొచ్చు. అబ్బ, ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. ముప్ఫై ఒకటో ఏట చేరాను.

పన్ను ఊడిన మర్నాడు కోచ్ నన్ను కూర్చోబెట్టాడు. విజయనగరం వైపు మనిషి, నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు.

"అన్నా, మీ కుస్తీకి దణ్ణం. ఈ జిమ్‌లో అంత పట్టు ఎవడికీ లేదు. కానీ ఎదుటివాడి వీపు నేలకి తగలగానే మీ బుర్రలో ఎవరో స్విచ్ ఆపేస్తున్నారు."

"చిత్ అయ్యాక ఇంకేముంది?"

"ఇక్కడ అసలు ఆట మొదలయ్యేదే అక్కడ. ఎప్పుడాపాలో మీరు చూసుకోకండి. ఆపడానికి రిఫరీ ఉన్నాడు, అది వాడి పని. మీ పని ఆగకపోవడం."

ఆయన తప్పు చెప్పాడని నేను ఇవాళ కూడా అనను. ఆ ఆటకి అదే సరైన మాట. ఇసుక నింపిన తోలుబొమ్మ ఒకటి ఇచ్చాడు. దాన్ని ఎత్తి పడెయ్యాలి, మీదెక్కి కూర్చోవాలి, ఆయన విజిల్ వేసేదాకా ముఖం మీద గుద్దాలి. మొదటి రోజు పడేసి, లేచి, బొమ్మ వీపు దులిపాను. జిమ్‌లో అందరూ పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నెల రోజులు చెయ్యి ఆగిపోతూనే ఉంది. కోచ్ వెనక నిలబడి అరిచేవాడు: "ఆగకు! ఆగకు! నేను చెప్పానా ఆగమని?" రోజుకి నలభై సార్లు, యాభై సార్లు. వేళ్ళ మీద తోలు ఊడేది. చెప్పుల పెట్టెలు తీస్తుంటే మూతల మీద రక్తం మరకలు పడేవి, షాపు యజమాని తిట్టేవాడు. ఆర్నెల్లకి ఒకరోజు విజిల్ తర్వాత కూడా నేను కొడుతూనే ఉన్నానని చూసుకున్నాను. కోచ్ నా భుజం పట్టి లాగి, "అదీ!" అన్నాడు.

తర్వాతి రెండు పోటీలు గెలిచాను. ఒకడి ముక్కు విరిచాను. విరిగేటప్పుడు పిడికిలి కింద చిన్న కదలిక తెలిసింది, తర్వాతి దెబ్బకి అక్కడ మెత్తగా ఉంది. వాడి రక్తం నా నోట్లో పడింది. రిఫరీ నన్ను లాగేదాకా కొట్టాను. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది. చాలా నచ్చింది. పదమూడేళ్ళప్పుడు ఇటుక పట్టుకున్న చేతికి ఇప్పుడు ఎవరో మెడల్ వేస్తున్నారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. సిగ్గుపడాలని కూడా నాకు తోచలేదు.

ఉస్తాద్‌కి తెలిసింది. తిడతారనుకున్నాను. ఆయన వేడినీళ్ళతో ఎవరిదో మణికట్టు కడుగుతూ తలెత్తకుండానే అన్నారు: "తప్పేం లేదు బిడ్డా. గా ఆట గాడ, గీ ఆట గీడ. రెంటినీ కలపకు, గంతే." సరే ఉస్తాద్ అన్నాను. అదెంత పని అనుకున్నాను.

ఇక జోడీ సంగతి. వాడికి చిన్నప్పటి నుంచి ఒకటే పిచ్చి, సిటీ బస్సు నడపాలి. బస్టాండు పక్కన పెరిగినవాడు, ఏ బస్సు ఏ డిపోదో దాని దగ్గు విని చెప్పేవాడు. పదేళ్ళు స్కూలు వ్యాన్ నడిపాడు, సామాన్ల బండి నడిపాడు. చివరికి బస్సు డ్రైవర్ల కోసం పిలిచారు. పరీక్ష పాసయ్యాడు, బండి నడిపి చూపించాడు, అన్నీ అయ్యాయి. ఇక మిగిలింది డాక్టరు పరీక్ష ఒక్కటే, అందులో ముఖ్యం కళ్ళు. వాడి కళ్ళకి ఫికర్ లేదు. నాంపల్లి నుంచి వచ్చే బస్సు నంబరు అబిడ్స్ చౌరస్తాలో నిలబడి చదివేవాడు. నాకు బస్సే కనిపించేది కాదు. నాగులపంచమి అయిన నాలుగో రోజు పొద్దున పరీక్ష.

నాగులపంచమికి మా తాలీంలో కుస్తీలు ఉంటాయి. మేమిద్దరం ప్రతి ఏడూ చివరి కుస్తీ పడతాం. ఆ ఏడు వాడు వద్దన్నాడు.

"అమ్మ ఒద్దంటున్నదిరా. పరీచ్చ అయినంక పట్టుదాం. ఏమన్న తాకితే మళ్ళ లొల్లి."

"అబ్బో! ఇంకా ఖాకీ తొడగనే లేదు, అప్పుడే డ్రైవర్ సాబ్ అయిపోయావా? అమ్మ కొంగు పట్టుకుని కూర్చో పో."

"గది కాదురా..."

"నాతోనే కదా పట్టేది! పరాయివాడితోనా? నేనున్నాగా, ఏమవుతుంది?"

ఆ ఎత్తిపొడుపు మాటలన్నీ నావే. పక్కన నలుగురు నవ్వారు. వాడూ నవ్వి, చొక్కా విప్పాడు.

పండగ రోజు షెడ్డు బయట కూడా జనం. డప్పులు. మట్టి ముందురోజే తడిపారు, మెత్తగా, చల్లగా ఉంది. మొదటి ఐదు నిమిషాలు ఎప్పటిలాగే ఆడుకున్నాం. నేను కాలు లాగితే వాడు తప్పించుకున్నాడు, వాడు నడుం పట్టుకుంటే నేను బోర్లా పడి బతికాను. జనం చప్పట్లు. తర్వాత వాడు నా చంకలోంచి తల బయటికి లాక్కునేటప్పుడు వాడి మోచెయ్యి వచ్చి నా నోటికి తగిలింది. కావాలని కాదు. సరిగ్గా ఊడిన పన్ను పక్కన, చిగురు చిట్లింది. నోరు రక్తంతో నిండింది. జనంలో ఎవడో "పహిల్వాన్ పండ్లు అన్నీ రాలగొట్టురా!" అని అరిచాడు. అందరూ నవ్వారు. జోడీ కూడా నవ్వాడు, "సారీరా" అంటూ నవ్వాడు.

నాకు చెవుల్లో హోరు మొదలైంది. వాడి చెయ్యి పట్టాను, తిరిగాను, ఎత్తాను. ధోబీ. వాడు గాల్లో పూర్తిగా తిరిగి వెల్లకిలా పడ్డాడు. రెండు భుజాలూ మట్టిలో దిగాయి. డప్పులు గట్టిగా మోగాయి. చిత్.

నేను లేవలేదు. వాడి గుండె మీదికెక్కి కూర్చున్నాను. కుడి పిడికిలి ఎడమ కంటి మీద పడింది. మళ్ళీ అక్కడే. రెండో దెబ్బకి కనుగూడు ఎముక లోపలికి పోవడం వేళ్ళకి తెలిసింది. తెలిసి కూడా మూడోది కొట్టాను. చేతికి గ్లవ్స్ లేవు, వేళ్ళ ఎముకలే.

ఒక మాట చెప్పాలి, నన్ను నేను వెనకేసుకొచ్చుకోవడానికి కాదు. ఆ మూడు దెబ్బల మధ్యలో నేను ఎదురుచూశాను. ఎవరైనా నా భుజం పట్టి లాగుతారని. కేజ్‌లో లాగుతారు. అక్కడ ఎవరూ కదల్లేదు. కదలడం వాళ్ళకి తెలియదు. ఆ మట్టి మీద చిత్ అయినవాణ్ణి కొట్టడం వాళ్ళెవరూ పుట్టాక చూసి ఎరగరు, అందుకని పైనున్నవాణ్ణి ఆపాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. డప్పు కొట్టేవాళ్ళు కూడా ఏం జరుగుతోందో అర్థంకాక ఇంకా కొడుతూనే ఉన్నారు. చివరికి ఉస్తాదే గుంటలో దూకి, నా జుట్టు పట్టుకుని వెనక్కి ఈడ్చి, పారకర్రతో వీపు మీద కొట్టారు. నాలుగో, ఐదో దెబ్బకి కర్ర విరిగింది. అప్పుడు నాకు ముందు కనిపించింది వాడి ముఖం. ఎడమ వైపు కన్ను ఉండాల్సిన చోట మట్టీ రక్తమూ కలిసిన ముద్ద ఉంది. వాడు అరవడం లేదు. "ఏమైంది? ఏమైందిరా?" అని నన్నే అడుగుతున్నాడు.

ఆటోలో వాడి తల నా ఒళ్ళో పెట్టుకోబోతే ఉస్తాద్ నన్ను కిందికి నెట్టేశారు. ఆటో వెనక పరిగెత్తాను. కంటి దవాఖాన మెట్ల మీద, మట్టి అంటిన లంగోటతోనే, సాయంత్రం దాకా కూర్చున్నాను. ఎవరో జాలిపడి ఒక లుంగీ పడేశారు. కాగితాల్లో రాసుకోవడానికి వచ్చిన పోలీసాయనకి వాడు చెప్పాడట: "కుస్తీల తాకింది సార్. గివి అయితనే ఉంటయి."

కన్ను చుట్టూ ఎముక మూడు ముక్కలైంది. లోపల పొర ఊడిపోయింది. రెండు ఆపరేషన్లు చేశారు. పరీక్ష రోజు పొద్దున వాడు కట్టుతో మంచం మీద ఉన్నాడు. అధికారులు మంచివాళ్ళే, రెండు నెలలు గడువిచ్చారు. రెండు నెలలకి కట్టు విప్పాక ఆ కంటికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ మిగల్లేదు. ఒక్క కంటితో బస్సు ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా. ఇంట్లో గ్లాసులో నీళ్ళు పోసుకోబోతే గ్లాసు పక్కన పడుతున్నాయని వాళ్ళమ్మ ఎవరితోనో చెబుతుంటే విన్నాను. నేను రోజూ వాళ్ళింటికి పోయేవాణ్ణి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్కసారి మాత్రం, "నీతోనే గదా అని పంపిన బిడ్డా" అంది. అంతే అంది. ఆమె నన్ను చెప్పుతో కొట్టి ఉంటే నేను కాళ్ళ మీద పడి ఏడ్చేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

జిమ్ మానేశాను. కోచ్ షాపులోకి వచ్చి, "అన్నా, ఆపడానికి రిఫరీ ఉన్నాడనే కదా ఆగొద్దన్నాను" అన్నాడు, ఏడుపు గొంతుతో. ఆయన్ని ఏమనను? చెప్పింది నిజమే.

ఉద్యోగం రాదని తేలిన వారానికి ఉస్తాద్ కబురు పంపారు, పొద్దున తాలీంకి రమ్మని. పోయాను. పాత పహిల్వాన్లు ఆరేడుగురు గుంట చుట్టూ నిలబడ్డారు. జోడీ గోడకి ఆనుకుని ఉన్నాడు, నల్లద్దాలు పెట్టుకుని, లంగోట కట్టుకుని. రెండు నెలల్లో సగమయ్యాడు.

"మట్టి మీద తీసుకున్నది మట్టి మీదనే ఇయ్యాలె" అన్నారు ఉస్తాద్. "నువ్వు చిత్ పండుకో. ఆడు నీ మీద కూసుంటడు. మూడు దెబ్బలు. చేతులు పక్కలకు పెట్టుకో. యాడ కొడతడో ఆడి ఇష్టం."

నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. నిజంగా సంతోషమే. రెండు నెలల తర్వాత మొదటిసారి ఊపిరి ఆడింది. కన్ను పోతే పోనీ అనుకున్నాను. పోతేనే బాగుండు, ఇద్దరం సమానమవుతాం అని కూడా అనుకున్నాను. చొక్కా విప్పి, మట్టిలో వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ పక్కలకు చాచాను.

వాడు అద్దాలు తీసి ఎవరికో ఇచ్చాడు. వచ్చి నా గుండె మీద కూర్చున్నాడు. ఆ బరువు నాకు తెలిసిన బరువే, కాస్త తగ్గింది. వాడి ఎడమ కన్ను తెల్లగా, పక్కకి చూస్తోంది. కుడి కన్ను నా మీద ఉంది.

"కొట్టరా" అన్నాను. "గట్టిగా కొట్టు. కంటి మీదే కొట్టు."

వాడు పిడికిలి ఎత్తాడు. దింపాడు.

దెబ్బ ముఖానికి తగల్లేదు. చూస్తే నా చేతులు రెండూ నా ముఖం ముందున్నాయి, మోచేతులు దగ్గరికి చేరి, పిడికిళ్ళు కణతల మీద. ఎప్పుడు లేచాయో నాకు తెలియదు. గబగబా దించేశాను. "సారీ, సారీరా, మళ్ళీ కొట్టు" అన్నాను. వేళ్ళు మట్టిలోకి గుచ్చి గట్టిగా పట్టుకున్నాను. వాడు మళ్ళీ ఎత్తాడు. గుప్పెళ్ళలో మట్టితో సహా చేతులు మళ్ళీ లేచాయి. "ఎవరైనా పట్టుకోండి, నా చేతులు పట్టుకోండి!" అని అరిచాను. ఎవరూ రాలేదు. మూడోసారి వాడు పిడికిలి ఊరికే ఎత్తి ఉంచాడు, కొట్టడానికి కూడా కాదు. అప్పుడూ లేచాయి.

వాడు పిడికిలి విప్పేశాడు. నా మణికట్లు రెండూ పట్టుకుని మెల్లగా పక్కకి దించి, వంగి, ఆ ఒక్క కంటితో నా ముఖంలోకి చూశాడు.

"గా దినం నేను అడ్డం పెట్టుకోలేదురా" అన్నాడు. "చేతులు ఖాళీగనే ఉండె. పెట్టుకోవచ్చు. మీద ఉన్నది నువ్వే గదా అనుకున్న."